పాత ఇంట్లో ఆస్బెస్టాస్ ఉందా..? చెక్ చేయించడానికి ఖర్చెంత.. చేయించకపోతే ఆ భారం ఎవరిపై పడుతుంది?

పాత ఇల్లు కొనాలన్నా, ఉన్న ఇంటికి రిపేర్లు చేయించాలన్నా, రేకులు దించి స్లాబ్ వేయించాలన్నా.. మనలో చాలామంది అడగని ప్రశ్న ఒకటుంది. ఆ ఇంట్లో ఆస్బెస్టాస్ ఉందా? అమెరికాలో ఇళ్లు కొంటున్న తెలుగువాళ్లకు ఈ ప్రశ్న కొన్ని వందల డాలర్ల బిల్లు రూపంలో ఎదురవుతోంది. ఇక్కడ మన ఊళ్లలో మాత్రం ఎవరూ అడగడం లేదు. అడగనంత మాత్రాన ఖర్చు తప్పిపోదు. యజమాని జేబు నుంచి జారి, రేకులు కోసే మేస్త్రీ, దించే కూలీ ఊపిరితిత్తుల మీద పడుతుంది. అసలు ఈ చెకింగ్‌కు ఎంతవుతుంది, ఎప్పుడు అవసరం, ఎప్పుడు అక్కర్లేదు.. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఉన్నంతకాలం నిద్ర.. పగిలితేనే ప్రమాదం

ఆస్బెస్టాస్ అంటే భూమిలో దొరికే ఖనిజం. తెలుగులో రాతినార అంటారు. పేరుకు రాయే అయినా పత్తిలా పీచుపీచుగా విడిపోతుంది. నిప్పుకు కాలదు, నీటికి కుళ్లదు, ధర తక్కువ. అందుకే గత శతాబ్దంలో ప్రపంచమంతా పైకప్పుల నుంచి నేల పలకల దాకా దీన్ని విచ్చలవిడిగా వాడేసింది.

ఇబ్బందల్లా ఆ పీచుతోనే. కంటికి కనిపించనంత సన్నని పోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్లీ పూర్తిగా బయటకు రావు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి చుట్టూ ఉండే పొరకు వచ్చే మెసోథెలియోమా అనే క్యాన్సర్.. వీటన్నింటికీ ఇదే కారణం. తెల్ల ఆస్బెస్టాస్ సహా అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చేసింది. పొగతాగే అలవాటు కూడా తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇంకో చిక్కు ఏంటంటే.. ఈ జబ్బు వెంటనే బయటపడదు. దుమ్ము పీల్చిన 20 నుంచి 40 ఏళ్ల తర్వాత, ఒక్కోసారి అంతకంటే ఆలస్యంగా బయటపడుతుంది. అప్పటికి ఏ ఇంట్లో, ఏ పనిలో పీల్చామో గుర్తు కూడా ఉండదు.

అయితే కంగారు పడాల్సిన పనిలేదు. పగలకుండా, పొడి రాలకుండా ఉన్న ఆస్బెస్టాస్ వస్తువు ఇంట్లో ఉన్నంత మాత్రాన ముప్పు చాలా తక్కువ. కోసినప్పుడు, డ్రిల్ చేసినప్పుడు, గీకినప్పుడు, పగలగొట్టినప్పుడే పోగులు లేస్తాయి. ఖర్చు లెక్క మొత్తం ఈ ఒక్క పాయింట్ చుట్టూనే తిరుగుతుంది.

అమెరికాలో బిల్లు ఎలా తయారవుతుంది?

న్యూజెర్సీలోని ఎడిసన్, కాలిఫోర్నియాలోని సన్నీవేల్ లాంటి చోట్ల తెలుగువాళ్లు ఎక్కువ. అక్కడ అమ్మకానికి వచ్చే ఇళ్లలో 1950ల నుంచి 1970ల మధ్య కట్టినవి చాలానే ఉంటాయి. డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలో ఈ బెడద తక్కువ. అక్కడివి ఎక్కువగా కొత్త ఇళ్లే. 1980కి ముందు కట్టిన ఇల్లయితే ఆస్బెస్టాస్ ఉండొచ్చనే అనుకోవాలి. సీలింగ్‌కు పేలాల్లా బుడిపెలుగా కొట్టే పాప్‌కార్న్ పూత, తొమ్మిది అంగుళాల వినైల్ నేల పలకలు, వాటి కింద పూసే నల్ల జిగురు, వేడి నీటి పైపులకు చుట్టిన తొడుగు.. మామూలుగా ఇవీ అది దాక్కునే చోట్లు.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. ఇల్లు కొనేటప్పుడు హోమ్ ఇన్‌స్పెక్షన్ చేయించాం కదా, అందులో అన్నీ వచ్చేస్తాయి అనుకుంటారు. రావు. మామూలు ఇన్‌స్పెక్షన్‌లో ఆస్బెస్టాస్ పరీక్ష ఉండదు. దానికి వేరే ఇన్‌స్పెక్టర్, వేరే ఫీజు.

ఆ బిల్లులో ప్రధానంగా రెండు భాగాలు. ఒకటి, మనిషి ఇంటికి వచ్చి చూసి, శాంపిల్స్ తీసినందుకు ఫీజు. రెండోది, ల్యాబ్‌లో ఒక్కో శాంపిల్‌కు పడే ఛార్జీ. ఊరిని బట్టి, ఇంటి సైజును బట్టి మారినా.. ఇన్‌స్పెక్షన్ ఫీజు సాధారణంగా కొన్ని వందల డాలర్లు, ల్యాబ్ ఛార్జీ శాంపిల్‌కు 25 నుంచి 75 డాలర్ల మధ్య ఉంటుంది. రిపోర్టు 24 గంటల్లో కావాలంటే రేటు ఇంకా పెరుగుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇన్‌స్పెక్టర్ ఫీజు 300 డాలర్లు అనుకోండి. సీలింగ్ పూత, నేల పలక, పైపు తొడుగు.. మూడు రకాల మెటీరియల్స్ మీద అనుమానం. ఒక్కోదాని నుంచి 3 చొప్పున 9 శాంపిల్స్. శాంపిల్‌కు 40 డాలర్లు. మొత్తం 660 డాలర్లు. డాలర్‌కు 85 రూపాయల లెక్కన చూసినా 56 వేల రూపాయలు దాటిపోతుంది.

ఒక్క చోట ముక్క తీస్తే సరిపోదా అంటే.. సరిపోదు. సీలింగ్ పూతను బకెట్లలో కలిపి కొడతారు కాబట్టి ఒక మూల ఉన్న పీచు ఇంకో మూల ఉండకపోవచ్చు. అమెరికా స్కూళ్ల కోసం 1986లో తెచ్చిన చట్టం కింద, ఇలాంటి పూత వెయ్యి చదరపు అడుగుల లోపు ఉంటే 3, ఐదు వేల లోపు ఉంటే 5, ఆపైన 7 శాంపిల్స్ తీయాలి. ఇళ్లకు ఆ చట్టం వర్తించకపోయినా, మంచి ఇన్‌స్పెక్టర్లు అదే పద్ధతి పాటిస్తారు. నేల పలక, దాని కింది జిగురు కూడా ల్యాబ్ లెక్కలో రెండు వేర్వేరు పొరలు. రెండింటికీ విడివిడిగా బిల్లు పడొచ్చు.

డబ్బు ఎక్కడ మిగులుతుంది?

ల్యాబ్‌కు ముందే ఒక మాట చెబితే కొంత ఆదా అవుతుంది. ఒకే మెటీరియల్ నుంచి తీసిన మూడు శాంపిల్స్‌లో మొదటిదాంట్లోనే ఆస్బెస్టాస్ దొరికితే మిగతా రెండూ చూడాల్సిన పనిలేదు. అక్కడితో ఆపేయమని ముందే అడగాలి. మిగతావాటికి ఛార్జీ పడదు.

కొన్నిసార్లు అసలు టెస్టే దండగ. అటకల్లో ఇన్సులేషన్‌గా పోసిన వర్మిక్యులైట్ అనే బూడిద రంగు గుళికలు కనిపిస్తే, పరీక్ష చేయించకుండానే అందులో ఆస్బెస్టాస్ ఉన్నట్టే భావించమని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. ఎందుకంటే మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ గని నుంచి 1990 దాకా వచ్చిన సరుకే అక్కడి మార్కెట్‌లో అత్యధికం. ఆ గనిలో వర్మిక్యులైట్‌తో పాటు ఆస్బెస్టాస్ కూడా కలిసి ఉండేది. జోనోలైట్ పేరుతో అమ్మిన ఆ సరుకును తీయించుకునే వాళ్లకు ఖర్చులో కొంత భాగం తిరిగి ఇచ్చేందుకు ఒక ట్రస్టు కూడా పనిచేస్తోంది.

మరోవైపు, చౌకగా అయిపోయిందని సంబరపడకూడని చోటు ఒకటుంది. మామూలు మైక్రోస్కోప్ పరీక్షలో నేల పలకల్లోని అతి సన్నని పోగులు ఒక్కోసారి దొరకవు. రిపోర్టులో లేదని వచ్చినా, ఆ పలకలు పగలగొట్టే ఆలోచన ఉంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పరీక్ష చేయించడమే మేలు. దాని రేటు ఎక్కువే.

ఇంకో జాగ్రత్త. చెక్ చేసేవాడే తీసేసే కాంట్రాక్టు కూడా చేస్తానంటే ఆలోచించాలి. ఆస్బెస్టాస్ ఉందని చెబితే అతనికే వేల డాలర్ల పని దొరుకుతుంది. చెకింగ్ ఒకరు, తొలగింపు ఇంకొకరు అయితేనే రిపోర్టును నమ్మొచ్చు.

కొనేముందే అడగాలి

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1978కి ముందు కట్టిన ఇల్లు అమ్మేవాళ్లు సీసం పెయింట్ గురించి తెలిసింది చెప్పి తీరాలి. ఆస్బెస్టాస్‌కు అలాంటి ఫెడరల్ నిబంధన లేదు. రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి. 2024 మార్చిలో తెల్ల ఆస్బెస్టాస్ దిగుమతి, వాడకాన్ని నిషేధిస్తూ ఈపీఏ తుది నిబంధన తెచ్చింది. ఇప్పటికే గోడల్లో, నేలల్లో ఉన్న పాత సరుకును అది ముట్టుకోలేదు. ఆ పాత సరుకుతోనూ ప్రమాదం ఉందని అదే ఏడాది నవంబర్‌లో ఈపీఏ వేరేగా తేల్చింది. ఇంట్లో ఉన్నదాని బాధ్యత మాత్రం కొన్నవాళ్లదే.

అందుకే టైమింగ్ ముఖ్యం. ఆఫర్ పెట్టాక ఇన్‌స్పెక్షన్‌కు దొరికే కొద్ది రోజుల్లోనే ఈ టెస్టు కూడా చేయించుకుంటే, రిపోర్టు చూపించి ధర తగ్గించమని అడగొచ్చు. పోటీ ఎక్కువగా ఉందని ఇన్‌స్పెక్షన్ వదులుకుని కొంటే, ఆ తర్వాత వచ్చే వేల డాలర్ల ఖర్చు మీ నెత్తినే పడుతుంది. రెనొవేషన్ ఆలోచన అసలు లేదు, సీలింగ్, నేల చెక్కుచెదరకుండా ఉన్నాయి అనుకుంటే.. ముట్టుకోకుండా వదిలేయడం కూడా సరైన నిర్ణయమే. పగలగొట్టని దానికి టెస్టు అవసరం లేదు.

మన దగ్గర కథ పూర్తిగా వేరు

ఇప్పుడు ఇక్కడికొద్దాం. అమెరికాలో ఆస్బెస్టాస్ గోడల వెనుక, నేల కింద దాక్కుని ఉంటుంది. మన దగ్గర నెత్తిమీదే ఉంటుంది. మనం సిమెంట్ రేకులు అనే వాటిలో సుమారు పదో వంతు రాతినారే. మిగతాది సిమెంట్, ఫ్లై యాష్. పూరిల్లు కాలిపోతుందన్న భయంతో కొందరు, పెంకులు కోతులు పీకేస్తున్నాయని ఇంకొందరు.. అందరూ చివరికి వచ్చింది రేకుల దగ్గరికే.

ఈ కథలో తెలుగు నేల పాత్ర కూడా చిన్నదేం కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తెల్ల ఆస్బెస్టాస్ గనులు నడిచాయి. హైదరాబాద్ సనత్‌నగర్‌లో 1940ల చివర్లోనే రేకుల తయారీ మొదలైంది. ఇప్పుడు ముడిసరుకు రష్యా, కజకిస్థాన్, బ్రెజిల్ లాంటి దేశాల నుంచి దిగుమతి అవుతోంది. 50కి పైగా దేశాలు ఆస్బెస్టాస్‌ను నిషేధించినా మన దేశంలో తెల్ల ఆస్బెస్టాస్ వాడకం చట్టబద్ధమే. పూర్తి నిషేధం కోరుతూ వేసిన పిటిషన్‌ను 2011లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మరి ఎన్ని ఇళ్లకు ఈ కప్పు ఉంది? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 16 శాతం ఇళ్ల పైకప్పు రేకులే. అయితే ఆ లెక్కలో ఇనుప రేకులు, ఆస్బెస్టాస్ రేకులు ఒకే గడిలో కలిపేశారు. అంటే ఆస్బెస్టాస్ కింద ఎంతమంది నిద్రపోతున్నారో విడిగా తెలిపే అంకె ఆ లెక్కల్లో లేదు.

పైసా ఖర్చు లేని చెకింగ్

మంచి విషయం ఏంటంటే.. మన రేకులను చెక్ చేయడానికి చాలాసార్లు ల్యాబే అక్కర్లేదు. రేకు మీద ఐఎస్‌ఐ ముద్ర, దాని దగ్గర ఐఎస్ నంబర్ ఉంటాయి. ఐఎస్ 459 అని ఉంటే అది ఆస్బెస్టాస్ సిమెంట్ రేకు. ఐఎస్ 14871 అని ఉంటే ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంట్ రేకు. కొత్తగా కొనేవాళ్లు షాపులో అడగాల్సింది కూడా ఈ నంబరే.

ముద్ర చెరిగిపోయిన పాత రేకులైతే? ఆస్బెస్టాస్ ఉన్నట్టే అనుకోవడం ఉత్తమం. ఎందుకంటే దశాబ్దాల పాటు మన మార్కెట్‌లో అమ్ముడైన సిమెంట్ రేకుల్లో అత్యధికం అవే. చూసి పోల్చడం మాత్రం ఎవరి వల్లా కాదు. ముక్క విరిచి చూసి లేదులే అని తేల్చేసే మేస్త్రీ మాట నమ్మొద్దు. పైగా అలా విరవడమే ప్రమాదం.

కప్పు ఒక్కటే కాదు. పాత స్లాబు ఇళ్లు, అపార్ట్‌మెంట్లలో వర్షపు నీరు దిగే పైపులు, బాత్రూం గాలి గొట్టాలు, కొన్ని పాత నీళ్ల తొట్లు కూడా ఆస్బెస్టాస్ సిమెంట్‌తో చేసినవే ఉంటాయి. పెద్ద బిల్డింగ్, స్కూలు, ఫంక్షన్ హాల్ కూల్చేముందు కచ్చితమైన రిపోర్టు కావాలంటే, ఈ పరీక్షకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ నుంచి ముందే కొటేషన్ తీసుకోవాలి. రెండు గదుల రేకుల ఇంటికైతే ఆ డబ్బు టెస్టుకు కాకుండా జాగ్రత్తగా దించడానికి ఖర్చు పెట్టడమే తెలివైన పని.

అసలు ఖర్చు దించేటప్పుడే

ఇప్పుడు జరుగుతున్నదేంటి? రేకులు దించాలంటే సుత్తితో కొట్టి పగలగొడతారు. బోల్టులు తుప్పు పట్టాయని కటింగ్ మెషీన్ పెడతారు. మొహానికి తువ్వాలు చుట్టుకుంటారు, అంతే. ముక్కలను కోళ్ల గూడుకో, బాత్రూం గోడకో, బురద దారి పూడ్చడానికో వాడేస్తారు. దుమ్ము బట్టలతోనే ఇంటికెళ్తారు. ఆ బట్టలు ఉతికే ఇల్లాలు కూడా అదే దుమ్ము పీలుస్తుంది.

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ.. ఉత్తరాంధ్రను తుఫాను తాకిన ప్రతిసారీ రేకులు ఎగిరి ముక్కలవుతాయి. ఆ శిథిలాలను వట్టి చేతులతోనే ఎత్తిపోస్తారు.

ఇళ్ల పథకాల్లోనూ ఈ ఖర్చుకు చోటు లేదు. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల కింద ఇచ్చే 5 లక్షల రూపాయలు బేస్‌మెంట్, గోడలు, స్లాబ్ అంటూ కట్టిన దశను బట్టి విడుదలవుతాయి. పాత కప్పు దించడం అన్న దశ అందులో లేదు. రేకుల ఇల్లు కూల్చి అదే జాగాలో కొత్తది కట్టుకునే కుటుంబం, ఆ పని ఎంత తక్కువలో అయిపోతే అంత మంచిదనే చూస్తుంది. అందులో వాళ్ల తప్పేం లేదు.

ఎండల నుంచి ఉపశమనం కోసం రేకుల మీద తెల్ల సున్నం, కూల్ పెయింట్ వేయడం కూడా పెరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. పూత వేయడం మంచిదే, అది పొడి రాలకుండా ఆపుతుంది కూడా. కానీ ముందు నాచు పోవాలని ఇనుప బ్రష్‌తో పొడిగా గీకితే మొదటికే మోసం.

చట్టం చూపు ఫ్యాక్టరీ గేటు దాకానే

1995 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కీలక తీర్పు ఇచ్చింది. ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును కనీసం 40 ఏళ్లు, లేదా ఉద్యోగం మానేసిన 15 ఏళ్ల దాకా, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని చెప్పింది. జబ్బు ఆలస్యంగా బయటపడుతుందని గుర్తించే ఆ గడువు పెట్టింది.

కానీ ఆ రేకు ఫ్యాక్టరీ గేటు దాటాక దాన్ని కోసే మేస్త్రీ పేరు ఏ రికార్డులో ఉంటుంది? ముప్పై ఏళ్ల తర్వాత దాన్ని పగలగొట్టే అడ్డా కూలీకి ఎక్స్‌రే ఎవరు తీయిస్తారు? దగ్గు, ఆయాసంతో ఆసుపత్రికి వెళ్తే టీబీ పరీక్షలు చేసి పంపిస్తారు. ఏం పని చేసేవాడివి అన్న ప్రశ్న చాలాసార్లు రాదు. పరిశ్రమల్లో వచ్చే ఆస్బెస్టాస్ వ్యర్థాలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. అలాంటి వ్యర్థాల కోసం హైదరాబాద్ శివారు దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో కేంద్రాలున్నాయి. అవి ప్రధానంగా పరిశ్రమల కోసం. ఊళ్లో ఇంటి రేకులు మాత్రం చెరువు గట్టుకే చేరుతున్నాయి.

ఏం చేయొచ్చు?

ఇంటి యజమాని చేయగలిగింది ముందు చూద్దాం. రేకు బాగుంటే కదిలించొద్దు. దించాల్సి వస్తే నీళ్లతో బాగా తడిపి, బోల్టులు విప్పి, వీలైనంత వరకు రేకు రేకుగా దించాలి. కటింగ్ మెషీన్ వద్దు. గుడ్డ మాస్కులు, సర్జికల్ మాస్కులు ఈ పోగులను ఆపలేవు. పీ100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కులు కొనివ్వాలి. పిల్లలను ఆ చుట్టుపక్కల ఉండనివ్వొద్దు. పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. ముక్కలను మందపాటి ప్లాస్టిక్ కవర్లలో కట్టేయాలి. మాస్కులు, కవర్లు, అదనంగా పట్టే ఒక పూట కూలి.. కొత్త ఇంటి బడ్జెట్‌లో ఇది పెద్ద మొత్తమేం కాదు.

ప్రభుత్వాలు చేయాల్సినవి మూడు. కూల్చివేత అనుమతి ఫారంలో కప్పు దేనిదన్న ఒక్క ప్రశ్న చేర్చాలి. ఇళ్ల పథకాల్లో పాత రేకులు సురక్షితంగా దించడానికి కొంత మొత్తం విడిగా ఇవ్వాలి. మండలానికి ఒకటైనా రేకుల ముక్కలు తీసుకునే చోటు ఉండాలి. జనాభా లెక్కల్లో ఆస్బెస్టాస్‌ను ఇనుప రేకుల నుంచి విడదీస్తే, ఈ ఖర్చు ఎంతో అంచనా వేయడం కూడా సాధ్యమవుతుంది.

అమెరికాలో 660 డాలర్లైనా, ఇక్కడ రేకు మీద నంబర్ చూసే రెండు నిమిషాలైనా.. ఈ చెకింగ్ పగలగొట్టక ముందు చేస్తేనే పనికొస్తుంది. ఒకసారి సుత్తి పడ్డాక దుమ్ము అందరి ముక్కుల్లోకీ వెళ్లిపోతుంది. ఆ తర్వాత వచ్చే రిపోర్టు ఏం పీల్చామో చెప్పడానికి తప్ప ఇంకెందుకూ అక్కరకు రాదు.